ఫోన్ పోతే అకౌంట్లు ఎలా తిరిగి తెచ్చుకోవాలి: ఏది ముందు, ఏది తర్వాత

ఇంట్లో ల్యాప్‌టాప్‌లో మీ జీమెయిల్ ఇంకా తెరుచుకునే ఉందా? అయితే దాన్ని లాగౌట్ చేయకండి. బ్రౌజర్ హిస్టరీ చెరపకండి. కంగారులో పాస్‌వర్డ్ మార్చకండి. ఇకమీదట చేయబోయే పనిలో సగం ఆ ల్యాప్‌టాప్ మీదే ఆధారపడుతుంది. ఫోన్ పోయిన మొదటి గంటలో చాలామంది "అన్ని చోట్లా లాగౌట్" నొక్కేస్తారు. దొంగతోపాటు తామూ బయటపడతారు. మళ్లీ లోపలికి వెళ్దామంటే అడిగే కోడ్ పోయిన ఫోన్‌లో ఉంటుంది.

ఇంకో అపోహ కూడా ముందే తీర్చుకుందాం. సిమ్ తిరిగి వస్తే అన్నీ వచ్చేస్తాయనుకుంటాం. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ సిమ్‌తో వస్తుంది, నిజమే. అథెంటికేటర్ యాప్‌లో కనిపించే ఆరంకెల కోడ్‌కి మాత్రం సిమ్‌తో సంబంధం లేదు. మొదట్లో మీరు క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు సైటు ఒక రహస్య కీని మీ ఫోన్‌లో పెట్టింది. ఆ కీనీ, అప్పటి టైమునీ కలిపి ప్రతి 30 సెకన్లకీ ఒక కోడ్ లెక్కకడుతుంది ఆ యాప్. నెట్ లేకపోయినా, సిమ్ తీసేసినా కోడ్ వస్తూనే ఉంటుంది. ఫోన్ పోతే ఆ కీ కూడా పోతుంది. అందుకే రెండు రకాల అకౌంట్లకీ రెండు వేర్వేరు దారులు.

ఫోన్ పాడైతే సగం గండం గడిచినట్టే

విశాఖ రుషికొండ బీచ్‌లో అలకి ఫోన్ తడిసిందా, మెట్ల మీద పడి డిస్‌ప్లే పోయిందా? సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేయండి. సిమ్ మారలేదు కాబట్టి ఓటీపీలు వెంటనే వస్తాయి.

సముద్రపు నీరు మామూలు నీటికంటే ప్రమాదం. ఉప్పు లోపలి బోర్డుని తినేస్తుంది. ఫోన్ ఆఫ్ చేయండి, చార్జింగ్ పెట్టకండి, బియ్యం డబ్బాలో పెట్టి రెండు రోజులు ఎదురుచూడకండి. అదే రోజు రిపేరు షాపుకి తీసుకెళ్లండి. గాజువాకలోనైనా జగదాంబ దగ్గరైనా షాపువాడికి మొదట చెప్పాల్సిన మాట ఇది: "రీసెట్ చేయొద్దు, బోర్డు మార్చొద్దు. ఒక్కసారి ఆన్ అయితే చాలు." బోర్డు మారిస్తే అందులోని కీలన్నీ పోయినట్టే. డిస్‌ప్లే ఒక్కటే పోయి ఫోన్ లోపల బతికే ఉంటే, తాత్కాలికంగా వేరే డిస్‌ప్లే తగిలించి పది నిమిషాలు ఇమ్మనండి. ఆ పది నిమిషాల్లో అథెంటికేటర్ తెరిచి, "ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్"లోకి వెళ్లి, వచ్చిన క్యూఆర్‌ని కొత్త ఫోన్‌తో స్కాన్ చేసేయండి. టచ్ మాత్రమే పనిచేయకపోతే ఓటీజీ కేబుల్‌తో మామూలు మౌస్ తగిలించినా పని జరుగుతుంది.

పోయిన మొదటి గంట

సింహాచలం గిరి ప్రదక్షిణలోనో, ఆర్టీసీ కాంప్లెక్స్ తోపులాటలోనో పోయింది అనుకుందాం. ఒకసారి రింగ్ ఇచ్చి చూడండి. ఎవరూ ఎత్తకపోతే ఈ వరుసలో వెళ్లండి.

ముందు ఫోన్‌కి తాళం. ఆండ్రాయిడ్ అయితే లాగిన్ అయి ఉన్న ల్యాప్‌టాప్‌లో గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి లాక్ చేయండి. ఇదివరకు దీన్నే ఫైండ్ మై డివైస్ అనేవారు. ఐఫోన్ అయితే ఐక్లౌడ్‌లో ఫైండ్ పేజీ తెరవండి. ఆ ఒక్క పేజీ మాత్రం వెరిఫికేషన్ కోడ్ అడగకుండా పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. "ఎరేజ్" మాత్రం ఇప్పుడే నొక్కకండి. ఎరేజ్ చేశాక ఫోన్ దొరికినా అందులో అథెంటికేటర్ ఉండదు.

తర్వాత సిమ్ బ్లాక్. తాళం వేశాకే సిమ్ అనడానికి కారణం ఉంది. సిమ్ ఆగిపోతే ఫోన్‌కి డేటా పోతుంది, డేటా పోతే మీరు పంపిన లాక్ ఆదేశం దాన్ని చేరదు. తాళానికి రెండు నిమిషాలు చాలు. అంతకంటే ఆలస్యమయ్యేలా ఉంటే ఆగకుండా సిమ్ ఆపించేయండి. అదే కంపెనీ సిమ్ ఉన్న ఇంకొకరి ఫోన్ నుంచి 198కి చేయొచ్చు.

మూడోది బ్యాంకు. పాస్‌బుక్ చేతిలో పెట్టుకుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. మీ నంబరు కాని నంబరు నుంచి చేస్తున్నారు కనుక అకౌంట్ నంబరు, పుట్టిన తేదీ అడుగుతారు. యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ రెండూ ఆపమనండి. కార్డు కూడా ఫోన్ కవర్‌లోనే పెట్టుకునే అలవాటుంటే దాన్నీ ఆపించాలి. కేర్ నంబరు పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉన్నదే తీసుకోండి. నెట్‌లో వెతికితే ముందు తగిలేవాటిలో దొంగ నంబర్లూ ఉంటాయి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

సిమ్ తెచ్చుకోవడం, తర్వాత 24 గంటల నిశ్శబ్దం

పాత నంబరు వదిలేసి కొత్తది తీసుకుందామనే ఆలోచన మానుకోండి. బ్యాంకు, ఆధార్, పీఎఫ్, జీమెయిల్ అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉన్నాయి. ఒరిజినల్ ఆధార్ పట్టుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్లి అదే నంబరుకి డూప్లికేట్ సిమ్ అడగండి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, నంబరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే రావాలి. మన ఇళ్లల్లో సగం నంబర్లు నాన్నగారి పేరు మీదే ఉంటాయి. ఆయన శ్రీకాకుళంలో ఉంటే మధురవాడ వరకూ రప్పించక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఒకే టెలికాం సర్కిల్. ఆయన అక్కడి స్టోర్‌లోనే సిమ్ తీసుకుని బస్సులో వచ్చేవాళ్లతో పంపినా పనవుతుంది. ఆఫీసు ఇచ్చిన నంబరైతే ఆఫీసు నుంచి లెటర్ కావాలి.

కొత్త సిమ్‌లో సిగ్నల్ రాగానే ఓటీపీ కోసం ప్రయత్నించి, రాకపోయేసరికి స్టోర్‌వాడితో గొడవ పడుతుంటారు. అతని తప్పేం లేదు. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్ రావడం, పోవడం రెండూ ఆపాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. మీ పేరుతో దొంగ సిమ్ తీసినవాడు ఆ రాత్రికి రాత్రే ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన అడ్డు అది. మంచి ఏర్పాటే, మీకు మాత్రం ఒక రోజు ఉపవాసం.

ఈ 24 గంటల్లోనూ ఫోన్ కాల్స్ వస్తాయి. గూగుల్‌లో "కాల్ చేయండి" అనే ఎంపిక ఉంటే కోడ్‌ని గొంతుతో చదివి వినిపిస్తుంది. వాట్సాప్ కూడా అంతే, "కాల్ మీ" నొక్కండి. యూపీఐ మాత్రం ఆ రోజు ఎంత తన్నుకున్నా అవ్వదు. కారణం, నంబరు మీదేనని తేల్చుకోడానికి యూపీఐ యాప్ మీ ఫోన్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది, అది బయటికి పోదు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. నమోదు అయిన మొదటి 24 గంటలూ 5,000 రూపాయలకి మించి పంపలేరని కూడా గుర్తుంచుకోండి. అద్దె కట్టే తేదీ దగ్గరపడితే బ్యాంకుకి వెళ్లి చెక్కు రాయడం సులువు.

కోపం వచ్చి ఈ సందులో వేరే కంపెనీకి పోర్ట్ అవుదామంటే కుదరదు. 2024 జులై 1 నుంచి, సిమ్ మార్చిన 7 రోజుల వరకు పోర్టింగ్ ఇవ్వరు.

ఇంట్లో ఏమేం ఉన్నాయో వెతకండి

సిమ్ కోసం ఎదురుచూసే ఈ రోజుని ఇందుకు వాడుకోండి. కాగితం తీసి రాసుకోండి: ఏ అకౌంట్ ఏ పరికరంలో ఇంకా తెరిచి ఉంది, ఏది ఎస్సెమ్మెస్‌తో తెరుచుకుంటుంది, ఏది అథెంటికేటర్ అడుగుతుంది.

బీరువాలో పడేసిన పాత ఫోన్ ముందు బయటికి తీయండి. పోయిన ఫోన్ కొన్నప్పుడు దీని నుంచే అథెంటికేటర్ మార్చుకుని ఉంటారు. మార్చినప్పుడు పాతదాంట్లో తీసేయమని మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ కోడ్లు అందులో ఇంకా బతికే ఉంటాయి. సిమ్ అక్కర్లేదు. చార్జ్ చేసి, వైఫైకి కలిపి, టైమ్ ఆటోమేటిక్‌గా ఉండేలా పెట్టండి. నెలల తరబడి ఆఫ్‌లో ఉన్న ఫోన్ గడియారం తప్పితే కోడ్ తప్పు అంటుంది. కోడ్ పనిచేయలేదని పాత ఫోన్‌ని మళ్లీ బీరువాలో పడేసేవాళ్లలో చాలామందికి తప్పింది టైమే.

తర్వాత బ్యాకప్ కోడ్లు. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకున్న రోజున సైటు ఇచ్చినవి. గూగుల్‌వి 8 అంకెల కోడ్లు 10 ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కసారే పనిచేస్తుంది. ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని "బ్యాకప్", "రికవరీ" అనే మాటలతో వెతకండి. పాత స్క్రీన్‌షాట్లూ చూడండి. ట్యాబ్, ఇంట్లోవాళ్ల ఫోన్, స్మార్ట్ టీవీ... ఎక్కడెక్కడ మీ అకౌంట్ వేశారో గుర్తుచేసుకోండి. లాగిన్ అయి ఉన్న ట్యాబ్‌కి గూగుల్ "అవును, నేనే" అని నొక్కే ప్రాంప్ట్ పంపగలదు.

ముందు మెయిల్, మిగతావన్నీ దాని వెనక

ప్రతి సైటూ "మీ మెయిల్‌కి లింక్ పంపాం" అంటుంది కనుక మెయిల్‌తోనే మొదలుపెట్టాలి. జీమెయిల్‌కి ఇలా:

1. లాగిన్ అయి ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే, గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో టూ స్టెప్ వెరిఫికేషన్‌లోకి వెళ్లండి. మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. "ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దు" అని ఇదివరకు టిక్ పెట్టి ఉంటే చాలాసార్లు పాస్‌వర్డ్‌తోనే లోపలికి పోనిస్తుంది. ఆ టిక్ కుకీల్లో (సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే చిన్న ఫైళ్లు) ఉంటుంది, హిస్టరీతోపాటు అవీ చెరిగిపోవచ్చు, బ్రౌజర్ హిస్టరీ చెరపొద్దని మొదట్లో చెప్పింది ఇందుకే.

2. ముందుగా కొత్త బ్యాకప్ కోడ్లు తీసి కాగితం మీద రాసుకోండి. కొత్తవి తీయగానే పాత పది చెల్లవు. తర్వాత కొత్త ఫోన్‌లో అథెంటికేటర్ కలపండి.

3. ఆ తర్వాతే పోయిన ఫోన్‌ని పరికరాల జాబితాలోంచి తీసేసి, పాస్‌వర్డ్ మార్చండి. పాస్‌వర్డ్ మార్పుతో మిగతా చోట్ల లాగౌట్ అవుతుంది. ఇప్పుడు ఫర్వాలేదు, మీ చేతిలో కొత్త తాళం ఉంది.

ఎక్కడా లాగిన్ లేకపోతే లాగిన్ పేజీలో "ట్రై అనదర్ వే" నొక్కుతూ పోండి. బ్యాకప్ కోడ్, ప్రాంప్ట్, ఎస్సెమ్మెస్, కాల్, ఏది ఉంటే అది. ఏదీ లేకపోతే చివర రికవరీ అభ్యర్థన వస్తుంది. దీన్ని ఎక్కడినుంచి పంపుతున్నారన్నది చాలా ముఖ్యం. మీరు రోజూ వాడే ఇంటి వైఫై, రోజూ వాడే కంప్యూటర్, రోజూ వాడే బ్రౌజర్‌నుంచే పంపండి. మీది ఎంవీపీ కాలనీలో ఇల్లయితే ద్వారకానగర్ నెట్ సెంటర్‌కి వెళ్లి ప్రయత్నించకండి. బెంగళూరులో ఉన్న తమ్ముడికి పాస్‌వర్డ్ చెప్పి "నువ్వు చూడరా" అని అస్సలు అనకండి. గూగుల్ కంటికి అది దొంగ చేసే పనిలాగే కనిపిస్తుంది. వీపీఎన్ ఉంటే ఆపేయండి.

ప్రశ్నలకి ఖాళీ వదలకుండా జవాబివ్వండి. పాత పాస్‌వర్డ్ ఏదైనా గుర్తుంటే అదీ పనికొస్తుంది. మీరు ఇప్పుడు తెరవగలిగే మెయిల్ ఒకటి ఇవ్వండి, సమాధానం అక్కడికే వస్తుంది. టూ స్టెప్ ఉన్న అకౌంట్ల పరిశీలనకి మామూలుగా 3 నుంచి 5 పనిదినాలు పడుతుందని గూగుల్ చెబుతుంది. ఈలోగా పదిసార్లు మళ్లీ మళ్లీ పంపితే "మరీ ఎక్కువసార్లు ప్రయత్నించారు" అని కొన్నాళ్లు తలుపు మూసేస్తుంది.

రికవరీ మెయిల్‌గా పెట్టిన రెండో జీమెయిల్‌కీ అదే ఫోన్‌లో అథెంటికేటర్ ఉంటే, పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి మూసినట్టు. ఆ రెండింటిలో సిమ్ ఓటీపీతో తెరుచుకునేది ఏదో చూసి దాన్ని ముందు తెరవండి.

గూగుల్ అథెంటికేటర్‌లో 2023 నుంచి కోడ్లని గూగుల్ అకౌంట్‌లోనే దాచుకునే వీలుంది. మీరది ఆన్ చేసి ఉంటే, జీమెయిల్ దొరికి కొత్త ఫోన్‌లో యాప్ వేసి లాగిన్ అవగానే మిగతా సైట్ల కోడ్లన్నీ వచ్చి కూర్చుంటాయి. ఇక కింద చెప్పేవాటిలో చాలావరకూ మీకు అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్ బ్యాకప్ ఆండ్రాయిడ్‌ది ఐఫోన్‌లోకి, ఐఫోన్‌ది ఆండ్రాయిడ్‌లోకి రాదు. కొత్త ఫోన్ కొనేముందు ఇది చూసుకోండి.

మిగతా అకౌంట్లు

వాట్సాప్: కొత్త సిమ్‌తో రిజిస్టర్ అవగానే పాత ఫోన్‌లోది ఆగిపోతుంది, అందుకే ఆలస్యం చేయొద్దు. టూ స్టెప్ పిన్ మరచిపోయి, దానికి మెయిల్ కూడా ఇవ్వకపోతే 7 రోజులు ఆగాలి. ఆండ్రాయిడ్‌లో పాత చాట్లు గూగుల్ అకౌంట్‌లో ఉంటాయి. జీమెయిల్ ఇంకా దొరక్కముందే వాట్సాప్ తెరిచారనుకోండి, కొత్త ఫోన్‌లో బ్యాకప్ ఆన్ చేయకండి. తర్వాత జీమెయిల్ కలిపినప్పుడు పాతదాని మీద కొత్త ఖాళీది పడుతుంది. జీమెయిల్ వచ్చాక యాప్ తీసేసి మళ్లీ వేస్తే రిస్టోర్ అడుగుతుంది.

ఇన్‌స్టాగ్రామ్: లాగిన్‌లో కోడ్ అడిగిన చోట "ట్రై అనదర్ వే" ద్వారా సహాయం అడగండి. అకౌంట్‌లో మీ ఫొటోలుంటే ముఖాన్ని అటూ ఇటూ తిప్పుతూ వీడియో సెల్ఫీ తీయమంటుంది. వెలుతురులో, కళ్లద్దాలు తీసి తీయండి. షాపు పేజీలు, వంటల పేజీలు నడిపేవాళ్లకి ఇక్కడే ఇబ్బంది. పేజీలో మీ ముఖం లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

మైక్రోసాఫ్ట్ సొంత అకౌంట్: ఇది కఠినం. టూ స్టెప్ ఆన్‌లో ఉండి ఏ ఆధారమూ మిగలకపోతే రికవరీ ఫారం పనిచేయదు. ఉన్న ఆధారాలన్నీ ఒకేసారి మార్చాలంటే 30 రోజుల నిరీక్షణ. మధ్యలో పాతది ఏదైనా దొరికితే ఆ అభ్యర్థన రద్దు చేసుకుని వెంటనే లోపలికి వెళ్లొచ్చు.

ఆఫీసు అకౌంట్‌కి మీరు తంటాలు పడక్కర్లేదు. ఐటీ హెల్ప్‌డెస్క్‌కి చెబితే వాళ్లే పాత అథెంటికేటర్ తీసేసి, కొన్ని గంటలు పనిచేసే తాత్కాలిక పాస్ ఇవ్వగలరు.

గిట్‌హబ్: ప్రోగ్రాములు దాచుకునే ఈ సైటు ఇంజినీరింగ్ పిల్లలకి ముఖ్యం. రికవరీ కోడ్లు లేకపోతే, ఇదివరకు లాగిన్ అయిన బ్రౌజర్, ఎస్‌ఎస్‌హెచ్ కీ, యాక్సెస్ టోకెన్‌లలో ఒకటైనా చూపించి రికవరీ అడగాలి. అవీ లేకపోతే సపోర్ట్‌వాళ్లు కూడా తెరవలేరు. మీ మెయిల్‌ని ఆ అకౌంట్ నుంచి విడదీస్తే దానితో కొత్తది తెరుచుకోవడం ఒక్కటే మిగులుతుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోకి నెట్ బ్యాంకింగ్ ద్వారా నేరుగా వెళ్లొచ్చు. డిజిలాకర్, పీఎఫ్ లాంటివి ఆధార్ నంబరు ఓటీపీతో తెరుచుకుంటాయి. సిమ్ వచ్చిన మర్నాటికి వాటి సంగతి తేలిపోతుంది.

"ఏ అకౌంటైనా గంటలో తెప్పిస్తాం" అని టెలిగ్రామ్‌లోనూ కామెంట్లలోనూ తిరిగేవాళ్లని నమ్మకండి. మామూలు జీమెయిల్‌కి ఫోన్ చేసి మాట్లాడే కస్టమర్ కేర్ అంటూ లేదు. ఉందని నంబరు ఇచ్చారంటే, ఆ వెంటనే స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమనే అడుగుతారు.

పోలీసు కంప్లయింట్, ఐఎంఈఐ బ్లాక్

దీంతో అకౌంట్లు తిరిగి రావు, కానీ ఫోన్ దుర్వినియోగం కాకుండా ఆగుతుంది. దగ్గర్లోని స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చి కాపీ తీసుకోండి. రైల్లో పోతే రైల్వే హెల్ప్‌లైన్ 139. తర్వాత కేంద్రం నడిపే సంచార్ సాథీ సైటులో ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు) బ్లాక్ ఫారం నింపండి. కంప్లయింట్ కాపీ, గుర్తింపు కార్డు, 15 అంకెల ఐఎంఈఐ కావాలి. ఐఎంఈఐ ఫోన్ డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది. డబ్బా పారేసి ఉంటే గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి ఫైండ్ హబ్‌లో ఆ ఫోన్ వివరాలు చూడండి. ఫారం చివర ఓటీపీ వస్తుంది కనుక ఇది కూడా సిమ్ వచ్చిన మర్నాటి పనే. వాళ్లిచ్చే రిక్వెస్ట్ నంబరు దాచుకోండి, ఫోన్ దొరికితే అన్‌బ్లాక్ చేయడానికి అదే కావాలి.

కొత్త ఫోన్ చేతికొచ్చాక

బ్యాకప్ కోడ్లు పెన్నుతో కాగితం మీద రాసి, పాస్‌పోర్టో ఇంటి పత్రాలో ఉన్న ఫైల్లో పెట్టండి. విశాఖ చెమ్మకి జెల్ పెన్ను అక్షరాలు అలుక్కుపోవచ్చు. బాల్ పెన్నుతో రాసి ప్లాస్టిక్ కవర్‌లో వేయండి. రెండో కాపీ వేరే ఇంట్లో, అత్తయ్య దగ్గరో అన్నయ్య దగ్గరో ఉండాలి. కోడ్ల పక్కన పాస్‌వర్డ్ రాయకండి.

క్యూఆర్ స్కాన్ చేసేటప్పుడే బీరువాలోని పాత ఫోన్‌తో కూడా అదే క్యూఆర్ స్కాన్ చేయండి. రెండు ఫోన్లలోనూ ఒకే కోడ్ వస్తుంది. నెలకోసారి దాన్ని చార్జ్ చేయండి.

ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కదాన్నే నమ్ముకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక విశాఖలో సిగ్నల్ లేని రోజులు ఇక్కడివాళ్లకి గుర్తే. అథెంటికేటర్‌కి టవర్ అక్కర్లేదు.

చివరిగా సిమ్‌కి పిన్ పెట్టండి. ఇది పెట్టుకున్నవాళ్లు తక్కువ. పిన్ లేకపోతే దొంగ మీ సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుంటాడు, మీరు బ్లాక్ చేసేలోపు మీ ఓటీపీలు అతనికే వస్తాయి. ఫోన్‌కి ఎంత గట్టి లాక్ ఉన్నా దీన్ని ఆపలేదు. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ఆన్ చేసేటప్పుడు కంపెనీ పెట్టిన పాత పిన్ అడుగుతుంది. ఊహించి కొట్టకండి, కేర్‌ని అడిగి తెలుసుకోండి. మూడుసార్లు తప్పితే పీయూకే కోడ్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ పనికిరాకుండా పోతుంది. అప్పుడు మళ్లీ స్టోరు, మళ్లీ ఆధార్, మళ్లీ ఆ 24 గంటలు.